మొదటి పాడెల్ రాకెట్ తప్పులు కాచేదై ఉండాలి

హైదరాబాద్‌లోని గచ్చిబౌలి, కొండాపూర్, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ చుట్టుపక్కల సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకి, టెన్నిస్‌ని పోలిన పాడెల్ అనే ఆట కోర్టుల్లో సందడి మొదలవుతోంది. మొన్నటిదాకా బాక్స్ క్రికెట్‌కో షటిల్‌కో స్లాట్ బుక్ చేసుకున్నవాళ్లే ఇప్పుడు నలుగురు కలిసి అద్దాల గోడల మధ్యకి వెళ్తున్నారు. మొదట్లో కోర్టువాళ్లు ఇచ్చే రాకెట్‌తో సరిపెట్టుకుంటారు. ఆట ఒంటబట్టేసరికి సొంత రాకెట్ మీదికి మనసు పోతుంది. ఆన్‌లైన్‌లో వెతికితే వందల మోడళ్లు కనిపిస్తాయి. ధరలు కొన్ని వేల దగ్గర మొదలై పాతిక ముప్పై వేల దాకా వెళ్తాయి. ఎక్కువ డబ్బు పెడితే మంచి రాకెట్ వస్తుందనుకోవడం సహజమే. కొత్తవాళ్ల విషయంలో ఈ లెక్క తప్పుతుంది. ఖరీదైన రాకెట్లలో ఎక్కువ భాగం రోజూ గంటల తరబడి ఆడేవాళ్ల కోసం తయారైనవి. అవి గట్టిగా ఉంటాయి, బరువు కొస వైపుకి ఉంటుంది, బంతి కచ్చితంగా మధ్యలో తగిలితేనే మాట వింటాయి.

కొత్తగా ఆడేవాళ్లకి బంతి ప్రతిసారీ మధ్యలో తగలదు. ఒకటి కొసకి తగులుతుంది, ఒకటి పక్క అంచుకి, ఇంకొకటి అద్దం మీద నుంచి తిరిగొచ్చి ఒంటికి మరీ దగ్గరగా వచ్చేసి పిడికి పైన తగులుతుంది. అందుకే మొదటి రాకెట్‌ని బాగా తగిలిన బంతిని చూసి ఎంచుకోకూడదు, సరిగ్గా తగలని బంతిని చూసి ఎంచుకోవాలి. అంచుకి తగిలినా నెట్ దాటించాలి. చెయ్యి తిప్పడం ఆలస్యమైనా బంతిని అవతలి కోర్టులో వెయ్యాలి. అదురు మోచేతి దాకా రాకుండా తనలోనే ఆపుకోవాలి. తప్పులు కాచే రాకెట్ అంటే అది. ఈ గుణం ఏ ఒక్క స్పెసిఫికేషన్‌లోనూ ఉండదు. రాకెట్ ఆకారం, బరువు ఎక్కడ పడుతోంది, లోపలి ఫోమ్ ఎంత మెత్తన, పైపొర దేంతో చేశారు, ఇవన్నీ కలిస్తేనే అది వస్తుంది. వీటిలో ఒకటి బాగుండి మిగతావి కుదరకపోతే లాభం ఉండదు.

ఆట ఏం అడుగుతుంది

పాడెల్‌ని 1969లో మెక్సికోలోని అకపుల్కోలో ఎన్రికే కోర్కుయెరా అనే వ్యాపారి తన ఇంటి ఆవరణలో గోడల మధ్య మొదలుపెట్టాడు. 1974లో అది స్పెయిన్‌లోని మార్బెయాకి చేరింది. అక్కడి నుంచి స్పెయిన్, అర్జెంటీనా దేశాల్లో ఊరూరా పాకింది. కోర్టు 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. వెనక గోడలు అద్దంతో ఉంటాయి, పక్కల కొంత అద్దం, మిగతాది ఇనుప జాలీ. ఆట దాదాపు ఎప్పుడూ డబుల్స్‌గానే నడుస్తుంది. సర్వీస్ నడుము ఎత్తుకి మించకుండా కింది నుంచి చెయ్యాలి. స్కోరు మాత్రం టెన్నిస్‌లాగే.

ఈ వివరాల్లోనే రాకెట్ ఎంపికకి కావాల్సింది చాలావరకు ఉంది. సర్వీస్ కింది నుంచి కాబట్టి ఏస్‌లు, అంటే అవతలివాళ్లు తాకలేని సర్వీసులు, కొట్టే పని లేదు. కోర్టు చిన్నది, వెనక అద్దం ఉంది కాబట్టి గట్టిగా కొట్టిన బంతి చచ్చిపోదు, అద్దానికి తగిలి అవతలివాళ్లకి హాయిగా ఆడుకునే ఎత్తులో లేస్తుంది. కొత్తవాళ్లు బలంగా కొట్టే స్మాష్‌లలో చాలా వాటి గతి ఇదే. పాయింట్లు వచ్చేది అవతలివాళ్ల నెత్తి మీదుగా లోతుగా పడే లాబ్ నుంచి, అద్దం మీద నుంచి వచ్చిన బంతిని ఓపిగ్గా తిరిగి పంపడం నుంచి, నెట్ దగ్గర బంతి నేల తాకకముందే చిన్న ఊపుతో ఆడే వాలీ నుంచి. వీటిలో దేనికీ పెద్ద పవర్ అక్కర్లేదు. బంతి అనుకున్న చోట పడాలి, అంతే. పవర్ రాకెట్ అని అమ్మేది కొత్తవాళ్లకి ఎందుకు పనికిరాదో చెప్పడానికి ఆట నిర్మాణమే చాలు.

రాకెట్ కొలతల్ని నిబంధనలు గట్టిగానే బిగించాయి. పొడవు 45.5 సెంటీమీటర్లు దాటకూడదు, వెడల్పు 26 సెంటీమీటర్లు, మందం 38 మిల్లీమీటర్లు. టెన్నిస్ రాకెట్‌లా అల్లిన తీగలు ఉండవు, ముఖం నిండా గుండ్రటి రంధ్రాలు ఉంటాయి. ఇన్ని హద్దులు ఉన్నాక తయారీదారు చేతిలో మిగిలేవి తల ఆకారం, బరువు పంపకం, లోపలి ఫోమ్, పైపొర మాత్రమే. ఎన్ని కొత్త టెక్నాలజీ పేర్లు పెట్టినా అవి ఈ నాలుగింటి చుట్టూనే తిరుగుతాయి. కొనేవాళ్లు ఆ పేర్లన్నీ పక్కనపెట్టి ఈ నాలుగూ అడిగితే సరిపోతుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. నగరంలో పికిల్‌బాల్ కూడా ఇదే సమయంలో ఊపందుకుంది కాబట్టి ఆన్‌లైన్ వెతుకులాటలో రెండూ కలిసిపోయి కనిపిస్తాయి. పికిల్‌బాల్ ప్యాడిల్ పలుచగా, రంధ్రాలు లేకుండా, చాలా తేలిగ్గా ఉంటుంది. అక్కడ రంధ్రాలుండేది ప్లాస్టిక్ బంతికి. ఆ ప్యాడిల్ పాడెల్ కోర్టులో పనికిరాదు.

బరువు ఎంత అన్నదానికన్నా ఎక్కడ అన్నది ముఖ్యం

పాడెల్ రాకెట్లు మూడు ఆకారాల్లో వస్తాయి: గుండ్రటివి, నీటిబొట్టు ఆకారంవి, డైమండ్ ఆకారంవి. చూడటానికి తేడా కొద్దిగానే ఉంటుంది, ఆడటంలో మాత్రం చాలా ఉంటుంది. డైమండ్ రాకెట్ తల పైభాగంలో వెడల్పుగా ఉండి పిడి వైపుకి సన్నబడుతుంది. దానివల్ల బరువు కొస వైపుకి జరుగుతుంది. స్వీట్ స్పాట్, అంటే బంతి తగిలితే అదురు లేకుండా నిండుగా వెళ్లే చోటు, పైకి వెళ్లి చిన్నదవుతుంది. గుండ్రటి రాకెట్‌లో తల వెడల్పు మధ్యలో ఉంటుంది, బరువు చేతికి దగ్గరగా పడుతుంది, స్వీట్ స్పాట్ ముఖం నడిమధ్యలో పెద్దదిగా ఉంటుంది. నీటిబొట్టు ఆకారం ఈ రెండిటికీ మధ్యస్థం.

స్వీట్ స్పాట్ పెద్దదా చిన్నదా అన్నదే అందరూ చెబుతారు. అది ఎక్కడుంది అన్నది కొత్తవాళ్లకి అంతకన్నా ముఖ్యం. కొత్తగా ఆడేవాళ్లు వెనక అద్దం దగ్గర ఎలా ఇరుక్కుంటారో గమనిస్తే ఇది తెలుస్తుంది. బంతి పక్క నుంచి దాటిపోయి అద్దానికి తగులుతుంది. అది ఎంత దూరం తిరిగొస్తుందో అంచనా ఉండదు కాబట్టి మనిషి అద్దానికి మరీ దగ్గరగా నిలబడిపోతాడు. బంతి తిరిగొచ్చి ఒంటి మీదికే వస్తుంది. మోచెయ్యి పక్కటెముకలకి అతుక్కుపోయి, చెయ్యి చాపే చోటు లేక, రాకెట్ కింది సగంతో ఎలాగోలా నెట్టాల్సి వస్తుంది. గుండ్రటి రాకెట్‌లో ఆ కింది సగం కూడా వెడల్పుగానే ఉంటుంది, స్వీట్ స్పాట్ అక్కడికి దగ్గర్లోనే ఉంటుంది. బంతి కొంచెం నీరసంగానైనా నెట్ దాటుతుంది. డైమండ్ రాకెట్‌లో ఆ చోట తగిలితే బంతి కొయ్య ముక్కకి తగిలినట్టు కింద పడిపోతుంది. ఆటలో మొదటి కొన్ని నెలలు ఈ సన్నివేశం పదేపదే వస్తుంది. స్మాష్ కొట్టే అవకాశం దానితో పోలిస్తే ఎప్పుడో ఒకసారి.

ఇక బరువు సంగతి. పెద్దవాళ్లు ఆడే రాకెట్లు ఎక్కువగా 340 నుంచి 385 గ్రాముల మధ్య ఉంటాయి. కొత్తవాళ్లకి 345 నుంచి 365 గ్రాముల దాకా సౌకర్యంగా ఉంటుంది. ఒళ్లు గట్టిగా, భుజం బలంగా ఉన్నవాళ్లు 370 దాకా వెళ్లినా ఇబ్బంది లేదు. కానీ 360 గ్రాములు అని రాసి ఉన్న రెండు రాకెట్లు చేతిలో ఒకేలా ఉంటాయనుకోవద్దు. చేతి నుంచి ఒక బరువు ఎంత దూరంలో ఉందో, దాన్ని తిప్పడానికి పట్టే శ్రమ ఆ దూరానికి వర్గంగా పెరుగుతుంది. చేతికి 15 సెంటీమీటర్ల దూరంలో ఉన్న 10 గ్రాములు 30 సెంటీమీటర్ల దూరానికి జరిగితే, దాన్ని తిప్పడానికి పట్టే శ్రమ నాలుగింతలు. అందుకే త్రాసు మీద తేలిగ్గా ఉన్న డైమండ్ రాకెట్ కంటే, కొంచెం బరువున్న గుండ్రటి రాకెట్ నెట్ దగ్గర చురుగ్గా కదులుతుంది. ఎదుటివాళ్లు ఛాతీకి గురిపెట్టి కొట్టిన బంతికి రాకెట్ అడ్డం పెట్టగలిగామా లేదా అన్నది ఈ తేడా మీదే ఆధారపడుతుంది.

ఈ పంపకాన్నే బ్యాలెన్స్ అంటారు. పిడి అడుగు నుంచి రాకెట్ తూగే బిందువు దాకా దూరాన్ని కొలిచి చెబుతారు. దాదాపు 25.5 సెంటీమీటర్ల లోపు ఉంటే తక్కువ బ్యాలెన్స్, 26.5 దాటితే ఎక్కువ బ్యాలెన్స్. ఒక్క సెంటీమీటరే కదా అనిపిస్తుంది గానీ, ఒక గంట ఆడిన తర్వాత ఆ సెంటీమీటర్ మణికట్టుకి బాగా తెలుస్తుంది. చాలా ఆన్‌లైన్ లిస్టింగుల్లో ఈ అంకె ఉండదు, తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మాత్రమే ఉంటుంది. తక్కువ అని ఉంటే నిశ్చింతగా తీసుకోవచ్చు. మధ్యస్థం అని ఉంటే బరువు 360 లోపు ఉందో లేదో చూసుకోవాలి.

పొరపాటు ఎక్కువగా జరిగేది స్టార్ ఆటగాళ్ల పేరున్న రాకెట్ల దగ్గరే. అగుస్తిన్ తాపియా పేరుతో వచ్చే నాక్స్ ఏటీ10 నీటిబొట్టు ఆకారం, హువాన్ లెబ్రాన్ వాడి ప్రసిద్ధం చేసిన బాబోలాట్ టెక్నికల్ వైపర్ డైమండ్ ఆకారం. రెండూ గొప్ప రాకెట్లే, కానీ వాళ్ల చేతుల్లో. అదే నాక్స్ కంపెనీలో మిగెల్ లాంపెర్తి పేరుతో ఉన్న ఎంఎల్10 ప్రో కప్ గుండ్రటిది, పైపొర ఫైబర్‌గ్లాస్. ఏళ్ల తరబడి అది అమ్ముడవుతూనే ఉంది. ఆటగాడి పేరు రాకెట్ స్వభావాన్ని చెప్పదని, ఆకారం చెబుతుందని ఇక్కడే అర్థమవుతుంది. ఇంకా తక్కువ బడ్జెట్ అయితే డెకథ్లాన్ వాళ్ల సొంత బ్రాండ్ కుయిక్మాలో కొత్తవాళ్ల కోసం చేసిన మోడళ్లు దొరుకుతాయి. నగరంలో వాళ్ల స్టోర్లు ఉన్నాయి కాబట్టి చేత్తో పట్టుకుని చూసే వీలుండటం పెద్ద ప్రయోజనం.

మెత్తటి రాకెట్టే బంతిని దూరం పంపుతుంది

రాకెట్ లోపల ఉండేది ఫోమ్. ఎక్కువ వాటిలో ఈవీఏ అనే రబ్బరు లాంటి పదార్థం వాడతారు. అందులోనే మెత్తనిది, మధ్యస్థం, గట్టిది అని రకాలు. కొన్నిటిలో ఇంకా మెత్తటి పాలిథిలీన్ ఫోమ్ వాడతారు. గట్టి రాకెట్ అంటే ఎక్కువ పవర్ అనే మాట షాపుల్లో వినిపిస్తూ ఉంటుంది. ఆ మాట సగమే నిజం. చెయ్యి వేగంగా తిప్పగలిగేవాళ్లకి గట్టి రాకెట్ పవర్ ఇస్తుంది. నెమ్మదిగా తిప్పేవాళ్ల చేతిలో అదే రాకెట్ మొండికేస్తుంది.

కారణం ఇది. బంతి తగిలినప్పుడు బంతి నొక్కుకుంటుంది, రాకెట్ ముఖమూ కొంచెం లోపలికి నొక్కుకుంటుంది. నొక్కుకున్న బంతి తిరిగి సాగేటప్పుడు కొంత శక్తిని వేడిగా పోగొట్టుకుంటుంది. రాకెట్ మెత్తగా ఉంటే ఆ నొక్కుడులో కొంత భాగం రాకెట్ తీసుకుంటుంది కాబట్టి బంతి తక్కువ నలుగుతుంది, శక్తి తక్కువ పోతుంది, బంతి ఉత్సాహంగా బయటికి వస్తుంది. చిన్న ఊపుతో వేసిన లాబ్ కూడా వెనక గీత దాకా వెళ్తుంది. అదే చాలా బలంగా కొట్టినప్పుడు మెత్తటి ఫోమ్ ఒక హద్దు తర్వాత ఇంక నొక్కుకోలేదు, అక్కడ దాని సాయం తగ్గిపోతుంది, గట్టి రాకెట్‌ది పైచేయి అవుతుంది. కొత్తవాళ్ల ఆటంతా ఆ హద్దుకి ఇవతలే నడుస్తుంది. కాబట్టి వాళ్లకి లోతు కావాలంటే మెత్తటి రాకెట్టే కావాలి. బంతి లోతుగా పోవట్లేదని గట్టి రాకెట్‌కి మారేవాళ్లు సమస్యని ఇంకా పెంచుకుంటున్నట్టే. ఊపు పెద్దది చెయ్యాల్సి వస్తుంది, పెద్ద ఊపులో టైమింగ్ చెడుతుంది, మోచేతి మీద భారం పడుతుంది.

అయితే హైదరాబాద్‌లో మెత్తదనానికి ఒక హద్దు పెట్టుకోవాలి. స్పెయిన్ వెబ్‌సైట్లలో ఉన్న సలహాని యథాతథంగా ఇక్కడ వాడితే కుదరదు. వేడికి ఫోమ్ మెత్తబడుతుంది, చలికి బిగుసుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పగలు 40 డిగ్రీలు దాటే ఊళ్లో, రాత్రి 8 గంటలకి కూడా కోర్టు నేల సెగలు కక్కుతున్న చోట, ముందే బాగా మెత్తగా ఉన్న రాకెట్ ఇంకా మెత్తబడి బంతి మీద అదుపు తగ్గిపోతుంది. వేడికి బంతి లోపలి గాలి పీడనమూ పెరుగుతుంది, బంతి ఎక్కువ ఎగురుతుంది. పైగా నగరం సముద్రమట్టానికి 500 మీటర్లకి పైన ఉంది. విశాఖలో కంటే ఇక్కడ గాలి కొంచెం పలుచన కాబట్టి బంతికి అడ్డు కూడా కాస్త తక్కువే. ఈ తేడా చిన్నదే, కానీ అన్నీ ఒకే దిక్కుకి లాగుతున్నాయి. ఎండాకాలంలో బంతి తనంతట తానే ఎక్కువ పోతుంది. అందుకని ఇక్కడి వాతావరణానికి మెత్తటి ఈవీఏ లేదా మెత్తనకి మధ్యస్థానికి నడుమ ఉన్న ఈవీఏ సరైన ఎంపిక. అన్నిటికన్నా మెత్తటి ఫోమ్ రాకెట్ జనవరి ఉదయం హాయిగా ఉంటుంది, మే నెలలో చేతికి పట్టుదొరకదు. అది త్వరగా అరిగిపోతుంది కూడా.

పైపొర విషయంలో గందరగోళం ఎక్కువ, పట్టించుకోవాల్సింది తక్కువ. ఫైబర్‌గ్లాస్ వంగుతుంది, మెత్తటి స్పర్శ ఇస్తుంది, చౌక. కార్బన్ గట్టిగా ఉంటుంది, ఎక్కువ కాలం మన్నుతుంది, ఖరీదు. కొత్తవాళ్లకి ఫైబర్‌గ్లాస్ ముఖం, కార్బన్ ఫ్రేమ్ ఉన్న రాకెట్ మంచి కలయిక. ముఖం మెత్తగా ఉంటుంది, అద్దానికి తగిలే అంచు గట్టిగా ఉంటుంది. 3కె, 12కె, 18కె అని రాకెట్ మీద పెద్ద అక్షరాలతో వేసే అంకెలు కార్బన్ నాణ్యతకి మార్కులు కావు. ఒక్కో పోగులో ఎన్ని వేల సన్నటి తంతువులు ఉన్నాయో చెప్పే లెక్క మాత్రమే. 18కె ఉంది కాబట్టి 3కె కంటే ఆరు రెట్లు మేలు అనే అమ్మకపు మాటకి విలువ ఇవ్వనక్కర్లేదు. ముఖం మీద ఇసుక కాగితంలా ఉండే గరుకు పూత స్పిన్‌కి కొంత ఉపయోగపడుతుంది. స్పిన్ వెయ్యడం వచ్చేలోపు ఆ గరుకు అరిగిపోతుంది కాబట్టి దానికోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

షటిల్ ఊళ్లో పాడెల్ మోచెయ్యి

ఇది బ్యాడ్మింటన్ నగరం. గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీ ఉంది, సైనా, సింధు, శ్రీకాంత్ అక్కడ ఆడి ప్రపంచానికి తెలిశారు. అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచి ఇండోర్ స్టేడియం దాకా షటిల్ ఆడని కాలనీ లేదు. కాబట్టి ఇక్కడ పాడెల్ మొదలుపెట్టేవాళ్లలో చాలామందికి చేతిలో ముందే ఒక అలవాటు ఉంది. ఆ అలవాటే మణికట్టు విదిలింపు. షటిల్ రాకెట్ బరువు 80, 90 గ్రాములు. పాడెల్ రాకెట్ దానికి నాలుగింతలు. 85 గ్రాముల రాకెట్‌ని విదిలించినట్టు 365 గ్రాముల దాన్ని విదిలిస్తే, ఆ బరువుని మళ్లీ ఆపాల్సిన పని ముంజేతి పైకండరాల మీద పడుతుంది. ఆ కండరాల స్నాయువులు మోచేతి బయటి ఎముకకి అంటుకుని ఉంటాయి. టెన్నిస్ ఎల్బో అనే నొప్పి మొదలయ్యేది సరిగ్గా అక్కడే. పొద్దంతా కీబోర్డు మీద, మౌస్ మీద చేతులుంచి పనిచేసేవాళ్లకి ఆ కండరాలు ముందే అలసి ఉంటాయి. సాయంత్రం నేరుగా కోర్టుకి వస్తారు, వార్మప్ ఉండదు. ఇంక చేతిలో డైమండ్ రాకెట్ కూడా ఉంటే నొప్పిని పిలిచి తెచ్చుకున్నట్టే.

బంతి అంచుకి తగిలినప్పుడు జరిగేది కూడా ఇక్కడే చూడాలి. రాకెట్ చేతిలో గిర్రున తిరగబోతుంది. దాన్ని ఆపడానికి పిడికిలి ఒక్కసారిగా బిగుసుకుంటుంది. గంట ఆటలో ఇది ఎన్నిసార్లు జరుగుతుందో ఎవరూ లెక్కపెట్టరు గానీ మోచెయ్యి మర్చిపోదు. తల వెడల్పు మధ్యలో ఉండి, ఫోమ్ మెత్తగా ఉన్న రాకెట్ ఈ తిరుగుడుని, ఈ అదురుని రెండిటినీ తగ్గిస్తుంది. తప్పులు కాచే రాకెట్ వల్ల స్కోరు బాగుపడటం ఒక ఎత్తు, ఆర్నెల్ల తర్వాత కూడా నొప్పి లేకుండా ఆడగలగడం ఒక ఎత్తు. రెండోదే పెద్ద లాభం. షటిల్ నుంచి వచ్చేవాళ్లు 345 నుంచి 360 గ్రాముల గుండ్రటి రాకెట్ తప్ప వేరేది మొదట్లో తాకకపోవడమే మంచిది.

టెన్నిస్ నుంచి వచ్చేవాళ్ల సంగతి కొంత వేరు. వాళ్ల ముంజెయ్యికి 300 గ్రాముల రాకెట్ అలవాటే, బంతి మధ్యలో తగిలించడమూ వచ్చు. వాళ్లు నీటిబొట్టు ఆకారంతో మొదలుపెట్టినా నిలదొక్కుకుంటారు. వాళ్లకి రాకెట్ కన్నా ఊపు తగ్గించుకోవడమే కష్టం. క్రికెట్ తప్ప వేరే ఆట ఆడనివాళ్లకి బలం ఉంటుంది, కంటిచూపు చురుగ్గా ఉంటుంది, బంతి మాత్రం జాలీ దాటి బయటికి పోతుంది. వాళ్లకి అదుపు నేర్పేది కూడా గుండ్రటి రాకెట్టే.

ఆడవాళ్ల రాకెట్లు అని వేరే వరుస పెట్టి అమ్ముతుంటారు. వాటిలో చాలావరకు తేడా రంగులో, కొంత బరువులో మాత్రమే. రంగు చూసి కాకుండా గ్రాములు చూసి కొనాలి. సన్నటి చేతులున్న మగవాళ్లకి 345 గ్రాముల ఆ రాకెట్టే సరిపోవచ్చు, షటిల్ బాగా ఆడిన అమ్మాయికి 365 గ్రాములు సరిపోవచ్చు. పిల్లలకైతే జూనియర్ రాకెట్లే కొనాలి. రెండేళ్లు పోతే సరిపోతుందిలే అని పెద్దది కొనిస్తే ఆ రెండేళ్లలో పిల్లవాడు ఆటే మానేస్తాడు.

చేతిలోకి తీసుకుని చూడాల్సినవి

షాపులో ఉన్నప్పుడు ముందు బరువు చూడాలి. రాకెట్ మీద 360–375 అని ఒక శ్రేణి వేసి ఉంటుంది. అంటే ఒకే మోడల్‌లో రెండు రాకెట్ల మధ్య 15 గ్రాముల తేడా ఉండొచ్చు. వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు చాలు దీనికి. షాపువాళ్ల దగ్గర త్రాసు ఉంటే రెండు మూడు ముక్కలు తూచి తేలికైనది అడగడంలో మొహమాటపడక్కర్లేదు. తర్వాత బ్యాలెన్స్. చూపుడువేలు చాపి రాకెట్‌ని దాని మీద అడ్డంగా పెట్టి, అటూ ఇటూ ఒరగకుండా నిలిచే చోట వేలు ఆపాలి. అక్కడి నుంచి పిడి అడుగు దాకా టేపుతో కొలిస్తే అంకె వచ్చేస్తుంది.

ఆ తర్వాత పిడిని అడుగున పట్టుకుని, చెయ్యి ముందుకి చాపి, రాకెట్‌ని నేలకి సమాంతరంగా ఒక అర నిమిషం ఉంచాలి. కొస కిందికి లాగుతున్నట్టు, మణికట్టు వణుకుతున్నట్టు అనిపిస్తే ఆ రాకెట్ వద్దు. ఇంకొక చేత్తో వేలి కణుపుతో ముఖం మధ్యలో తట్టి, మెల్లగా అంచు వైపుకి, పిడి వైపుకి తడుతూ రావాలి. మధ్యలో వచ్చిన నిండు చప్పుడు ఎంత దూరం అలాగే వస్తోందో, ఎక్కడ పొడిగా మారుతోందో చెవికి తెలుస్తుంది. క్రికెట్ బ్యాట్ కొనేటప్పుడు బంతితో తట్టి చూసినట్టే ఇదీ. ఇది ప్రయోగశాల పరీక్షేం కాదు, రెండు రాకెట్లని పక్కపక్కన పెట్టి పోల్చడానికి బాగా పనికొస్తుంది. అన్నిటికన్నా మంచిది ఆడి చూడటం. చాలా కోర్టుల్లో అద్దెకి రెండు మూడు రకాల రాకెట్లు ఉంటాయి. మంచి షాట్లు కాకుండా, సరిగ్గా తగలని షాట్లు ఏ రాకెట్‌తో ఎక్కువ కోర్టులో పడుతున్నాయో ఒక సెట్ అంతా గమనిస్తే ఎంపిక సగం తేలిపోతుంది.

పిడి మందం ఎక్కువమంది పట్టించుకోని విషయం. కంపెనీ నుంచి వచ్చే పిడి సన్నగా ఉంటుంది. సన్నటి పిడిని గట్టిగా బిగించి పట్టుకోవాల్సి వస్తుంది, దానివల్ల ముంజెయ్యి త్వరగా అలుస్తుంది. ఒక ఓవర్‌గ్రిప్ చుడితే చేతికి నిండుగా వస్తుంది, పెద్ద చెయ్యైతే రెండు. ఒక్కో ఓవర్‌గ్రిప్ 5 గ్రాముల దాకా బరువు పెంచుతుంది. ఆ బరువు పిడి దగ్గరే కాబట్టి బ్యాలెన్స్ చేతి వైపుకి జరుగుతుంది, కొస తేలికైనట్టు అనిపిస్తుంది. వందా రెండొందల ఖర్చుతో రాకెట్ స్వభావం మార్చే ఉపాయం ఇది. ఎండాకాలపు చెమటకి, వర్షాకాలపు తేమకి గ్రిప్ జారడం మొదలైన వెంటనే మార్చెయ్యాలి. జారే గ్రిప్ ఉంటే ఎంత మెత్తటి రాకెట్ అయినా చేతిని కాపాడలేదు.

దీనికి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేసేది తల అంచుకి అతికించే ప్రొటెక్టర్. అద్దానికి, జాలీకి గీసుకోకుండా చాలామంది మందపాటి స్టిక్కర్ వేయిస్తారు. అది కొస మీద బరువు పెడుతుంది, గుండ్రటి రాకెట్ కొనుక్కున్న లాభంలో కొంత పోతుంది. కంపెనీ నుంచే ప్రొటెక్టర్ వచ్చే రాకెట్లకి మళ్లీ వేయించడం అనవసరం. లేనివాటికి పలుచనిది ఒకటి చాలు.

పిడి అడుగున ఉండే తాడు అలంకారానికి కాదు. మణికట్టుకి దాన్ని వేసుకోవడం నిబంధనల ప్రకారం తప్పనిసరి. చిన్న కోర్టులో నలుగురు ఉంటారు, చుట్టూ అద్దం. చెమట చేతిలోంచి జారిన రాకెట్ పక్కవాళ్ల మొహానికి తగిలితే జరిగేది ఊహించుకోవచ్చు. తాడు తెగిపోయిన లేదా వదులైన రాకెట్‌తో ఆడకూడదు, ఆడనివ్వకూడదు.

సెకండ్ హ్యాండ్ రాకెట్లు వాట్సాప్ గ్రూపుల్లో సగం ధరకి వస్తుంటాయి. ఫ్రేమ్ పైభాగాన్ని ప్రొటెక్టర్ కింద కూడా వేలితో తడిమి పగుళ్లు ఉన్నాయేమో చూడాలి. ముఖం రెండు వైపులా తడితే చప్పుడు వేరువేరుగా వస్తుంటే లోపల ఫోమ్ పొర విడిపోయి ఉండొచ్చు. ఎండలో కారు డిక్కీలో పడి ఉన్న రాకెట్‌కి ఇది ఎక్కువగా జరుగుతుంది. మే నెలలో ఆపి ఉంచిన కారు లోపల 50 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడికి ఫోమ్ సత్తువ పోతుంది, పొరల్ని పట్టి ఉంచిన జిగురు బలహీనపడుతుంది. కొత్త రాకెట్ కొన్నవాళ్లకీ ఇదే జాగ్రత్త: ఆఫీసు పార్కింగ్‌లో డిక్కీలో వదిలెయ్యకుండా బ్యాగుతో పాటు పైకి తీసుకెళ్లాలి. స్టార్ మోడల్ నాలుగో వంతు ధరకి ఆన్‌లైన్‌లో కనిపిస్తే అది నకిలీ అయ్యే అవకాశమే ఎక్కువ. నకిలీలో లోపలి ఫోమ్ ఏంటో తెలిసే దారి లేదు కాబట్టి మోచేతి కోసమైనా వదిలెయ్యాలి.

రాకెట్ మార్చాల్సిన సమయం నెలల లెక్కన రాదు, ఆటలో కనబడుతుంది. అద్దం మీద నుంచి వచ్చిన బంతి ఒంటి మీదికి రాకుండా ముందే జరిగి నిలబడటం అలవాటైతే, వాలీలు వరసగా ముఖం మధ్యలో తగులుతుంటే, స్మాష్ కొట్టాలా లాబ్‌ని వదిలి అద్దం మీద ఆడాలా అని బంతి గాల్లో ఉండగానే తేల్చుకోగలుగుతుంటే, అప్పుడు నీటిబొట్టు ఆకారం గురించి ఆలోచించొచ్చు. అలా మారేటప్పుడు ఆకారం, ఫోమ్, బరువు మూడూ ఒకేసారి మార్చకూడదు. బరువు అలాగే ఉంచి, ఫోమ్ అంతే మెత్తగా ఉంచి, ఆకారం ఒక్కటే మార్చి కొన్ని వారాలు ఆడితే ఏది కలిసొస్తోందో, ఏది ఇబ్బంది పెడుతోందో విడిగా తెలుస్తుంది. పాత గుండ్రటి రాకెట్‌ని అమ్మెయ్యకుండా ఉంచుకోవడం మేలు. చెయ్యి కొంచెం నొప్పిగా ఉన్న వారం దాంతోనే ఆడొచ్చు, కొత్తగా నేర్చుకోవడానికి వచ్చిన ఫ్రెండ్‌కి ఇవ్వడానికీ అంతకన్నా మంచి రాకెట్ ఉండదు.